రాణి ఎడమ రెక్క కింద

వేలి కణుపుతో తట్టగానే ఖంగుమని మోగింది. కంచు. "మేడం, ముట్టుకోకూడదు," అన్నాడు కాపలా ఆయన. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. హైదరాబాదులో పని మీద వెళ్లి, టైముందని ఆ బొమ్మల ప్రదర్శనలోకి దూరాను. ఎదురుగా మంగోలియా రాణి. ఆ దేశపు ఇప్పటి శిల్పి చేసినదని కింద చీటీ ఉంది. పీఠం మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తలకు రెండు పక్కలా పొట్టేలు కొమ్ముల్లా వంగి కిందికి దిగిన వెడల్పాటి జుట్టు. అక్కడ గొప్పింటి ఇల్లాళ్ళు ఒకప్పుడు జుట్టును అట్లా రెక్కల్లా పరిచి కట్టుకునేవారట. అందరూ ఆమె ముఖం చూస్తున్నారు. నేను మాత్రం ఎడమ రెక్క కింద ఎవరైనా నిలబడ్డారేమోనని చూశాను.

ఇట్లాంటి రాణినే ఒకసారి మేము మార్కాపురంలో పలకరాతితో చేశాం, మస్తాన్ చిన్నాయన షెడ్డులో. ఆయన మా నాయనతో కలిసి గనిలో పనిచేసినవాడు, అందుకే నాకు చిన్నాయన. మనిషి బక్కపలుచన, మాట తక్కువ, ఉత్త భయస్తుడు. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవాడు. రాయి ఎత్తే ముందొకసారి, దించాక ఒకసారి తట్టి చెవి పెట్టి వినేవాడు. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. లోపల పొర విడితే కంటికి కనపడదు, మోతలో తెలుస్తుంది. మంచి రాయి గణగణమంటుంది, విడిన రాయి చాట మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. "ఏంది చిన్నాయనా, రాయికి జొరమొచ్చిందా?" అని పనివాళ్ళు ఎగతాళి చేస్తే, "భయం లేనోడు గనిలో రాయి కింద పడి పోయినాడు. వాణ్ణి మోసుకొచ్చింది నేనే," అన్నాడు ఒకరోజు. మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు చెక్కింది వాళ్ళే, దాని కింద వీపు ఆనించి కూర్చుని మధ్యాహ్నం సద్ది తినాలి. అప్పుడే ఆ పని గడప దాటేది. నాకు మొదట్లో అది చాదస్తంగా తోచేది.

రాణి ఫొటో తెచ్చింది పలకల వ్యాపారి ఒకాయన. విదేశంలో ఎక్కడో చూసి మనసుపడి, తన కొత్త హోటల్ ముందర అట్లాంటిదే కావాలన్నాడు. మనిషికి రెండింతల ఎత్తు, ఒళ్ళంతా ఒకే రాయి. రెక్కలు మాత్రం విడిగా చెక్కి ఇనుప చువ్వలతో బిగించాలి. ఎడమ రెక్క చిన్నాయన నాకిచ్చాడు. అప్పటిదాకా ఆ షెడ్డులో ఆడవాళ్ళకు నునుపు పట్టే పనే. ఉలి పట్టిన మొదటిదాన్ని నేను. "ఆడదాని చేతికి అంత రాయా?" అని మగవాళ్ళు గొణిగారు. ఆయన విననట్టే నా చేతికి ఉలి అందించాడు.

చువ్వకు రంధ్రం వేస్తుంటే లోపల చిటుక్కుమంది. తట్టి చూశాను. చాట మోత. అంత పెద్ద పలక ఇంకొకటి షెడ్డులో లేదు. చెబితే ఏమంటారో నాకు తెలుసు, అప్పుడే అన్నాం కదా అంటారు. రాతిపొడి జిగురులో కలిపి సన్నటి గీతను పూడ్చి, తడిగుడ్డతో నునుపు చేశాను. పైకి అద్దంలా ఉంది. ఆ తప్పు చేసింది నేనే, ఎవరూ చేయించలేదు.

రెక్కలు బిగించాక రాచర్ల నుంచి ఆటోలో పనికి వచ్చే ఓబులమ్మత్త రాణి కాళ్ళకు పసుపు రాసి బొట్టు పెట్టింది. కొమ్ములు చూసి ఏదో అమ్మవారనుకుంది. "అమ్మవారు కాదత్తా, వేరే దేశపు రాణి," అన్నాను. "రాణైతే మాత్రం కోపం రాదా ఏంది? తప్పు చేసినోళ్ళను ఈమె ఊరికే ఇడ్సదు," అంది, రెక్క కిందనే గొంతుక్కూర్చుని. అంతలో చిన్నాయన కేకేసి ఆమెను అవతలికి పంపాడు. తినేవేళ రాణి నన్నే చూస్తున్నట్టుండేది. మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు చిన్నాయన, "అమ్మీ, నీ రెక్క కింద కూచో. సద్ది తిను," అన్నాడు.

"నాకీరోజు ఒక్కపొద్దు చిన్నాయనా."

"బుధవారం ఒక్కపొద్దా?" అని నా ముఖంలోకి చూశాడు. "సరేలే, నీ బదులు నేను తింటా."

గిన్నె తీసుకుని వెళ్లి ఎడమ రెక్క కింద వీపు ఆనించి కూర్చున్నాడు. మూత తీశాడు. ముద్ద కలిపాడు. పైన దుమ్ము కొంచెం రాలినట్టనిపించింది, నిజంగా రాలిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి నేను పరుగెత్తి ఆయన చెయ్యి పట్టి లాగాను. "లెయ్యి చిన్నాయనా. అది విడింది. నేనే పూడ్చిన," అన్నాను ఆయనకు మాత్రమే వినపడేలా.

ఆయన మెల్లగా లేచి పక్కకు వచ్చాడు. అందరినీ దూరంగా జరగమని, పొడుగాటి వెదురుబొంగుతో రెక్కను కొద్దిగా నెట్టాడు. రెండో నెట్టుకే అది ఊడి కింద పడింది. ఆయన వదిలేసి వచ్చిన గిన్నె రేకులా అణిగిపోయింది. అన్నం నేలంతా చెదిరింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను ఏడుస్తూ.

"బిగించిననాడే మోత విన్న. అందుకే ఎవురూ కూచోకుండా ఓబులమ్మను గూడ కేకలేసి పంపిస్తాంటి."

"మరి నువ్వెట్ల కూచున్నావు?"

"నువ్వు లేపుతావులే అని."

"లేపకపోయుంటే?"

ఆయన గిన్నె వైపు చూశాడు. అన్నం మెతుకులు ఇంకా ఆయన వేళ్ళకు అంటుకునే ఉన్నాయి. "అదేనమ్మీ నాకూ భయమయింది," అన్నాడు.

పనివాళ్ళకు మాత్రం "పొర విడింది" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. నెల తరువాత కొత్త పలక దొరికితే, దాన్నీ నా చేతికే ఇచ్చాడు. ఆ రెక్క కింద కూర్చుని నేను గిన్నెడు అన్నం తిన్నాను, రుచేమీ తెలియలేదు. ఆ రాణి హోటల్ ముందర ఇప్పటికీ ఉంది. చిన్నాయన లేడు. రాతిదుమ్ము ఊపిరితిత్తులు తినేసింది.

ఇప్పుడు నాకొక చిన్న షెడ్డుంది. అదే పద్ధతి. తన పని కింద తింటూ ఎవరి ముద్దయినా గొంతు దగ్గర ఆగిందంటే నాకు తెలిసిపోతుంది. తిట్టను, అడగను. నా గిన్నె తీసుకుని వెళ్లి వాళ్ళ పక్కన, అదే రాయి కింద కూర్చుంటాను. కూర్చున్న ప్రతిసారీ నాకు చచ్చేంత భయం.