పెంటమ్మ కాదు, జెమ్మ

ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో నాకు మూడో కాన్పు. మొదటి ఇద్దరూ దక్కలేదు. ఈ పిల్ల కూడా నెలలు నిండకుండానే పుట్టి, గాజుపెట్టెలో పడుకుని ఉంది.

ట్రంక్ కాల్‌లో మా అత్తగారిది ఒకటే మాట. "పెంటమ్మ అని పెట్టండి. ఇంకో పేరు వద్దు."

బిడ్డలు దక్కని ఇళ్ళలో అదొక ఆనవాయితీ. చెత్తకుప్ప పేరు పెడితే మృత్యువు అసహ్యించుకుని వదిలేస్తుందని నమ్మకం. ఆవిడ సొంత చెల్లెలు ఆ పేరుతోనే నిక్షేపంగా బతికింది. అందుకని ఆవిడది చాదస్తం అనను, భయం అంటాను. కానీ నాకు ఒళ్ళు మండింది. ఇద్దర్ని పోగొట్టుకున్నదాన్ని, మూడోదాన్ని నా నోటితో చెత్త అని పిలవాలా?

మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు ఇటలీ ముసలావిడ. రోజూ ఆస్పత్రికి సూప్ తెచ్చి, నేను తాగేదాకా కదిలేది కాదు. మాటల్లో వాళ్ళమ్మ పేరు జెమ్మ అని చెప్పింది. అంటే ఏమిటని అడిగాను.

"మావాళ్ళవి ద్రాక్షతోటలు. జెమ్మ అంటే తీగ మీద మొగ్గ. చలికాలమంతా తీగ ఎండుపుల్లలా ఉంటుంది. దాని మీద మొగ్గ కనపడితే మా నాన్నకి ప్రాణం లేచొచ్చేది. రత్నాన్ని కూడా అదే మాటతో పిలుస్తాం గానీ, అది తర్వాత వచ్చిందే," అంది.

మర్నాడు ఆస్పత్రి గుమాస్తా బర్త్ సర్టిఫికెట్ ఫారం తెచ్చింది. మా ఆయన పెన్ను తీశారు.

"అమ్మ చెప్పినట్టు రాసేద్దాం. ఇంట్లో నీకిష్టమైన పేరుతో పిలుచుకో. రిస్క్ ఎందుకు? నీకు భయం లేదా?"

"ఉంది. మీకంటే ఎక్కువే ఉంది. అయినా పిల్లని చెత్త పేరు వెనక దాచిపెట్టి పెంచను. ఇలా ఇవ్వండి."

పెన్ను లాక్కుని పెద్దక్షరాలతో జెమ్మ అని రాశాను. ఆ రోజునుంచీ గాజుపెట్టె దగ్గర నిలబడి గట్టిగా ఆ పేరుతోనే పిలిచేదాన్ని. నర్సులు తిరిగి చూసేవారు. చూడనీ. ఇంకెవరైనా అక్కడ పొంచి ఉంటే వాళ్ళకీ వినపడాలనే పిలిచాను.

ఏడు వారాలకు పిల్లను ఇంటికి తెచ్చుకున్నాం. ఆ వారమే అత్తగారి ఏరోగ్రామ్ వచ్చింది. 'చిరంజీవి పెంటమ్మకు ఆశీస్సులు' అని మొదలు. చించెయ్యలేదు. కూర్చుని జవాబు రాశాను.

"ఆ పేరుగల పిల్ల మా ఇంట్లో లేదండీ. జెమ్మ ఉంది. ఇవాళ్టికి ఆరు పౌన్లు. మీ ఆశీస్సులు దానికి అందజేశాను."