ముందు పద్నాలుగు, వెనక తొమ్మిదిన్నర

ఈ రెండు అంకెలను ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి.

బొబ్బిలిలో నాకో చిన్న షాపుంది. ఇళ్లకు ప్లాన్లు గీస్తాను. అప్పటికి షాపు పెట్టి ఆరు నెలలు. ఒక కంప్యూటరు, ఇంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు, వాటితో పాటు బోలెడంత పొగరు. పక్క ఊరి నుంచి నాయుడుగారని ఒకాయన వచ్చారు. తాతల నాటి పెంకుటిల్లు. వాసాలు పుచ్చిపోయాయి. గోడలు అలాగే ఉంచి, కర్రంతా తీసేసి, ఇనప ఫ్రేము పెట్టించి మళ్లీ పెంకే కప్పించాలని ఆయన కోరిక. ముందుగా ఆ కప్పు ఎలా ఉంటుందో కంప్యూటర్లో చూడాలని ఆయన భార్య ముచ్చట.

ఉన్న ఇంటిని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ముందు దాన్ని కొలవాలి. కొలవాలంటే అటకెక్కాలి. మసి, దుమ్ము, గబ్బిలాలు. నేను ఎక్కలేదు. వాళ్ల వడ్రంగి అప్పన్న మేస్త్రి ఎక్కాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. ఆ చుట్టుపక్కల ‘అప్పన్న కొలత’ అన్నది సామెత. పొలం గట్టు దగ్గర తగువైనా సరే, ‘అప్పన్న కొలతే’ అన్నారంటే ఇక మాట్లాడేది లేదని అర్థం. ఆయన నడికొప్పు నుంచి రెండు వైపులా చూరు దాకా కొలిచి, ఒక పాత శుభలేఖ వెనక పెన్సిలుతో రాసిచ్చాడు. ముందు 14, వెనక 9½, అడుగుల్లో. ముందు వాలు వరండాను కూడా కప్పుతుంది కాబట్టి పొడుగు. వెనకది పొట్టి.

చదివాను. చదవలేదని ఇంకో అబద్ధం ఆడను.

సాఫ్ట్‌వేరులో గోడలు గీసి ‘రూఫ్’ బటన్ నొక్కితే కప్పు అదే వేసేస్తుంది. కొప్పు సరిగ్గా మధ్యలో, రెండు వాలులూ సమానంగా. అలా వద్దనుకుంటే ఒక్కో వాలూ విడిగా కట్టుకోవాలి. అది నాకు సరిగ్గా రాదు. రాదని ఒప్పుకోవడం అసలే రాదు. రెండు అంకెలూ కలిపితే ఇరవై మూడున్నర, సగం చేస్తే పదకొండూ ముప్పావు, మొత్తం అంతే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. బొమ్మ చూసి నాయుడుగారి భార్య మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. వెల్డింగు షాపుకి ఆ కొలతలే ప్రింటు తీసిచ్చాను. వాళ్లు దాని ప్రకారమే ఇనుము కోశారు.

పెంకు దించారు. ఫ్రేము ఎత్తారు. కొప్పును నడిగోడ మీద కూర్చోబెట్టి చూశారు. ముందు వైపు వరండా స్తంభాలకు రెండడుగుల పైనే అందలేదు. వెనక అంతే మేర గోడ దాటి పొడుచుకొచ్చింది. దాన్ని దించి మళ్లీ చేయించేలోగా వాయుగుండం పట్టింది. రెండు రోజులు వాన. కప్పిన టార్పాలిన్ ఎగిరిపోయి, మట్టితో కట్టిన నడిగోడ నానిపోయి కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ముక్క నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

కొలతలు ఎవరివని నాయుడుగారు అందరి ముందూ అడిగారు. మేస్త్రి ఇచ్చినవే వేశానన్నాను. అప్పన్న అక్కడే ఉన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటారు. ఇక్కడ మద్దెలకు నోరుంది, అయినా ఆయన తన కుడిచేతి వంకే చూసుకున్నాడు.

రెండోసారి వెల్డింగు షాపువాడే ఎక్కి కొలిచాడు. ఇంటి అసలు కొలత ఊరందరికీ తెలిసింది. అప్పన్న ఏం రాసిచ్చాడో చెప్పగలిగింది మాత్రం ఆ శుభలేఖ ఒక్కటే.

ఆ మర్నాడు ఆయన షాపుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నానేమో.

“కంప్యూటర్లో తేడా రాదు కదమ్మా. కొలిసింది బాగానే కొలిసినాను, రాతలో నా సెయ్యే తప్పినట్టున్నాది. ఆ కాయితం ఓపాలి ఇయ్యి తల్లీ. ఏటి రాసీసినానో సూసుకుంతాను.”

శుభలేఖ సొరుగులో ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

“అది పడీసినాను మావయ్యా.”

“పోన్లే. కొత్తగా సాపు పెట్టుకున్న పిల్లవి, నా వల్ల నీకు సెడ్డపేరొచ్చినాది. ఏటీ అనుకోకు.”

“పర్లేదులే మావయ్యా,” అన్నాను.

చూశారా? నేను చేసిన తప్పుకి ఆయన మన్నించమంటే, నేను పెద్ద మనసు చేసుకుని మన్నించాను. అబద్ధం భయంతో ఆడాను, షాపు మూతపడుతుందని. అది అర్థమవుతుంది. మరి ఆ ‘పర్లేదులే’ ఏ భయంతో అన్నాను? అంత మెత్తగా, అంత దయగా నా గొంతులోంచి ఎలా వచ్చింది? ఇప్పటికీ నాకు అంతుపట్టదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత ఆయన్ని కప్పు పనికి ఎవరూ పిలవలేదు. పీటలు, మంచాలు, తలుపులు చేసుకుంటున్నాడు. సామెత పోలేదు, తిరగబడింది. జాకెట్టు బిగుతుగా కుట్టుకొస్తే ‘ఇదేటి, అప్పన్న కొలతా?’ అని నవ్వుతారు. మా ఇంట్లోనూ అన్నారు. నేనూ నవ్వాను.

కిందటి నెల మా వంటింటి తలుపు పాడైతే మా అత్తగారు ఆయన్నే పిలిపించారు. టేపు పట్టి చూశాడు, మళ్లీ చూశాడు, ఆ తర్వాత అంకె చదివి పెట్టమని నన్ను పిలిచాడు. చూపు తగ్గిందా అని అడిగాను. చూపు బాగానే ఉందట, నాయుడుగారి ఇంటి దగ్గర్నుంచీ తన మీద తనకే నమ్మకం లేదట. నేను చదివాను. ఆయన రాసుకున్నాడు. టీ ఇచ్చాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? తేలు కుట్టిన దొంగలా గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పుడు ఏ ఇంటికైనా నేనే అటకెక్కి కొలుస్తున్నాను. దాన్ని ప్రాయశ్చిత్తం అనకండి, అది భయం. వెళ్లి ఆయనకు చెప్పమని మీరంటారు. చెబుతానని మాటివ్వను, నా మాట విలువెంతో మీకు తెలిసిపోయింది కదా.

శుభలేఖ ఎదురుగా పెట్టుకునే ఇదంతా రాశాను. పసుపు బొట్లు వెలిసిపోయాయి. పెన్సిలు రాత చెరగలేదు. ముందు పద్నాలుగు. వెనక తొమ్మిదిన్నర. ఇన్నాళ్లకు ఒక్కరికైనా చెప్పాను, గుండె మీద బరువు కాస్త జరిగింది.

అప్పన్న మావయ్య చెయ్యి తప్పలేదు.