నలబై ఏడుకి ఇరవై రెండు

పన్నెండేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఇరవై రెండు. నా చేత్తో, ఎర్ర పెన్నుతో నేను వేసిన అంకె. వేస్తున్నప్పుడే అది తప్పని నాకు తెలుసు. ఈ ఊళ్లో నా లెక్క తప్పిందని ఎవరూ అనరు. అందుకే అది ఇంతకాలం నిలబడింది.

మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు చెప్పను. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పలేనిది కాగితానికి చెప్పొచ్చు కదా అని రాస్తున్నాను.

నేను తాపీ మేస్త్రిని. రాజాం దగ్గర పల్లె మాది. యాభై నాలుగేళ్లు. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఇటుకముక్కతో గచ్చు మీద గీసుకుంటూ నేర్చుకున్నాను. గోడకి ఎన్ని ఇటుకలు పడతాయి, గొయ్యి పూడ్చాలంటే ఎన్ని ట్రాక్టర్ల కంకర కావాలి, మెట్లు బేసి సంఖ్యలో రావాలంటే ఒక్కో మెట్టు ఎంత ఎత్తు పెట్టాలి, ఇవన్నీ అడగడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. నేను చెప్పాక ఇంకెవరినీ అడగరు.

నిరుడు ఓపెన్ స్కూల్లో టెన్త్ పాసయ్యాను. లెక్కల్లో తొంభై ఒకటి వచ్చాయి. ఈ వయసులో ఎలా మారారో మా పిల్లల కోసం రెండు పేజీలు రాసివ్వండి అని హైస్కూలు హెడ్మాస్టరు గారు అడిగారు. సరేనన్నాను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఇదే వస్తోంది. నాలుగు కాగితాలు చింపేశాను. ఇది అయిదోది. దీన్ని ఆయనకి ఇవ్వను.

మా ఆవిడ మా మేనమామ కూతురు. నన్ను బావా అనే పిలుస్తుంది. మాకు పిల్లలు లేరు. ఊళ్లో అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది. వండుతుంది, పిల్లల ముక్కులు తుడుస్తుంది, వాళ్లు ఏడిస్తే ఎత్తుకుంటుంది. పన్నెండేళ్ల కిందట అక్కడి టీచరు పని మానుకోబోతోందని తెలిసింది. టెన్త్ ఉంటే ఆ పని నీకే రావచ్చని ఎవరో చెప్పారు. ఆమె వెంటనే ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి పుస్తకాలు తెచ్చుకుంది. తెలుగు, సాంఘికం వాటంతటవే వచ్చేశాయి. లెక్కల దగ్గరే భయం. మోడల్ పేపర్లున్న గైడు ఒకటి కొని, వెనక జవాబులున్నాయి, నా దగ్గరుంటే చూసేస్తానని, దాన్ని నా చేతిలో పెట్టింది.

ఆదివారం పొద్దున పేపరు రాసేది. నేను దిద్దేవాణ్ణి. పాసు మార్కులు ముప్పై అయిదు.

మొదటి పేపరుకి ఇరవై నాలుగు వేశాను. రెండోదానికి ఇరవై ఏడు. మూడోదానికి ముప్పై ఒకటి. చివరి జవాబు తప్పయినా చేసిన పద్ధతి సరిగా ఉంటే ఒక్కో మెట్టుకీ ఇన్ని మార్కులు వెయ్యాలని గైడు వెనక స్పష్టంగా ఉంది. నేను చదివాను. చదివి కూడా వెయ్యలేదు. చదరపు సెంటీమీటర్లు అని రాయకపోతే మొత్తం కొట్టేశాను. గోడ అంగుళం పక్కకి పోతే గోడే కాదు కదా, లెక్కా అంతే, నా దగ్గర కచ్చితంగా నేర్చుకుంటేనే పరీక్షలో నిలబడుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజంగా కచ్చితత్వమేనా? కచ్చితమైన మనిషినైతే గైడు చెప్పినట్టే వెయ్యాలి కదా. పేపర్లు దిద్దేటప్పుడు పక్కన ఇంకో కాగితం మీద అసలు మార్కులు కూడా వేసుకునేవాణ్ణి. ముప్పై మూడు. ముప్పై ఎనిమిది. నలబై నాలుగు. ఆ కాగితాన్ని మడిచి పొయ్యిలో పెట్టేసేవాణ్ణి. తప్పు తెలియనివాడు పొయ్యి దాకా ఎందుకు వెళ్తాడు?

మూడో ఆదివారం తర్వాత పని దగ్గర, నాతో కలిసి గోడ కట్టే మనిషి ఒక మాటన్నాడు. "ఒరే మావా, ఆవిడ టీచరైపోతే మరి నీకేటి పని? పలకట్టుకుని ఎల్లి ముందు వరసలో కూకో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం దాకా ఆ మాట నాతోనే ఉంది.

నాలుగో పేపరుకి నలబై ఏడు వచ్చాయి. రెండుసార్లు కూడి చూశాను. ఎంత కచ్చితంగా కొట్టేసినా ముప్పై ఆరు కంటే కిందకి దిగలేదు. అంటే నా లెక్కన కూడా పాసే. ఇక కచ్చితత్వం అనే సాకు మిగల్లేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఇరవై రెండు అని వేసి చుట్టూ సున్నా చుట్టాను.

ఆమె గిన్నెలు తోముతూ మధ్యలో లేచి గుమ్మంలోకి వచ్చింది.

"ఎన్నొచ్చాయి బావా?"

నేను కాగితమే చూస్తున్నాను.

"సెప్పవేటి? గోడకెట్టే రసమట్టం నా కాయితం మీద కూడా ఎట్టీసినావా?" నవ్వుతోంది.

"ఇరవై రెండు."

ముఖం మీద నవ్వు కొంచెంసేపు అలాగే ఉండిపోయింది.

"పోయినాదివారం ముప్పై ఒకటి గదా. పెరగాలి గానీ తగ్గుతాదేటి?"

"పేపరు కష్టంగా వచ్చినాది."

"నాకు సులువుగానే అనిపించినాది."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. కాగితం తీసుకుని చూస్తుందనుకున్నాను. చూస్తే దొరికిపోయేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తుంది, చూస్తే ఎంత బాగుండేది అని. ఆమె చూడలేదు.

"సరే. నువ్వు సెప్పినావంటే అంతే. నీ లెక్క తప్పదు," అంది. "నాకిది రాదులే బావా. ఊరికే నీ ఆదివారాలు పాడు సేసినాను."

పరీక్షకి వెళ్లలేదు. హాల్‌టికెట్ వచ్చింది, బియ్యం డబ్బా మీద చాలా రోజులు ఉంది. తర్వాత కనబడలేదు. పక్క ఊరి నుంచి ఇరవై రెండు మూడేళ్ల అమ్మాయి టీచరుగా వచ్చింది. మా ఆవిడ ఆ అమ్మాయికి రోజూ కుర్చీ తుడిచి వేస్తుంది. పిల్లలు మాత్రం ఇప్పటికీ ఏడిస్తే ఈమె దగ్గరికే వస్తారట. సంతోషంగా చెబుతుంది.

ఎందుకు చేశాను? పని దగ్గర నవ్వారని కాదు. అది చిన్న కారణం. నాకో అలవాటుంది. ఏ కొత్త పని ఎదురొచ్చినా ముందు లెక్క వేస్తాను, అది కుదరదని తేలేదాకా వేస్తాను. బండి నేర్చుకోమంటే కుదరదు. విజయనగరంలో పెద్ద పని ఉంది రమ్మంటే కుదరదు. బడి మానేసినవాడికి మళ్లీ చదువు కుదరదు. ఇవన్నీ కుదరవని నేను తేల్చిన లెక్కలు, వాటి మీదే నా బతుకు కట్టుకున్నాను. ఆమె నాకంటే ఒక తరగతి తక్కువే చదివింది. ఆమె పాసైతే నేను తేల్చినవన్నీ తప్పని తేలుతుంది. నన్ను ఆపింది నేనే అని తేలుతుంది. అది తట్టుకోలేక ఆమెను కూడా నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. తోడు కోసం. కానీ అలా వచ్చిన తోడులో, ఇద్దరమే ఉండే ఆ ఇంట్లో, ఆ రోజు నుంచి నేను ఒక్కణ్ణే ఉన్నాను.

నేను మారింది మూడేళ్ల కిందట. ఇంటి ప్లాను కాగితం ఇస్తే కళ్లజోడు తేలేదని పదిహేనేళ్లుగా తప్పించుకునేవాణ్ణి. ప్లాను చదవడం రాదని చెప్పడానికి నామోషీ. ఒకరోజు సైటు మీద ఇంజనీరమ్మాయి తన కళ్లజోడు తీసి ఇచ్చింది. ఇక దారి లేక, నాకు తెలీదమ్మా అన్నాను. అరగంటలో నేర్పేసింది. అరగంట! పదిహేనేళ్లలో ఎన్ని అరగంటలో ఇంటికి నడుస్తూ లెక్క వేసుకుని, మధ్యలో ఆపేశాను.

అప్పటి నుంచి కుదరదు అన్నప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత పెట్టాను. మొదటి వారం ముప్పై ఒక్క గీతలు. ఆరు నెలలకి వారానికి నాలుగు. బండి నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను. తర్వాత టెన్త్. పిల్లలకి చెప్పాలంటే ఇదంతా మంచి కథే. హెడ్మాస్టరు గారికి కావలసిందీ ఇదే. కానీ నేను చదువుకున్న ఆ ఏడాదంతా నాకు టీ కాచి ఇచ్చింది ఎవరు? చదివేటప్పుడు టీవీ కట్టేసింది ఎవరు? నేను ఎక్కిన ప్రతి మెట్టూ ఆమెకి మూసేసిన తలుపు పక్క నుంచే పోయింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె వీధంతా మిఠాయి పంచింది. అందరికీ ఒకటే చెప్పింది. "మా బావది బుర్ర. నేనూ ఒకప్పుడు మొదలెట్టినాను గానీ, నాకు అంత బుర్ర లేదు." సిగ్గుపడకుండా, నవ్వుతూ చెప్పింది. పన్నెండేళ్లలో ఆమె దాన్ని నిజం చేసేసుకుంది. నేను వేసిన అంకె ఆమె అయిపోయింది. నా మిఠాయి తినకుండా డబ్బాలోనే పెట్టేశాను.

మొన్న ఆదివారం చెప్పేశాను. ఆమె పెరట్లో నెత్తళ్లు బాగుచేస్తోంది. పక్కన పీట వేసుకుని కూర్చుని, మొదటి పేపరు నుంచి నాలుగోదాకా వరసగా చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె చేతులు ఆగలేదు.

"నాలుగోదానికి నిజంగా ఎన్ని?"

"నలబై ఏడు."

ఇంకో రెండు చేపల తలలు తుంచింది.

"ముప్పై అయిదు సాలు గదా," అంది.

అంతే. తిడుతుందని, ఏడుస్తుందని సిద్ధపడి ఉన్నాను. దీనికి సిద్ధపడలేదు. ఇప్పుడైనా రాయొచ్చు, నేను నేర్పుతాను అనబోయి ఆగాను. ఆ టీచరు పనికి ఆమె వయసు దాటిపోయింది. ఇప్పుడు నేర్పితే అది నా కోసమే అవుతుంది.

నాలుగు రోజులైంది. వండుతోంది, వడ్డిస్తోంది, వేళకి అంగన్‌వాడీకి వెళ్తోంది. బావా అనడం లేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె నా కోసం మళ్లీ ఇంకో పని చెయ్యాలి.

నిజం చెప్పాలంటే నాకు ఊపిరి ఆడుతోంది. ఆ ఆదివారం నుంచి అన్నం సహిస్తోంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను కనక రాస్తున్నాను. తను మాత్రం సరిగా తినడం లేదు. కంచంలో సగం మిగులుతోంది. నాలుగు రోజులుగా చూస్తున్నాను.