నల్లకాళ్ల తీతువు

మా కోస్తాలో పిట్టలు చూసేవాళ్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. చలికాలం వచ్చిందంటే అందులో ఎవరూ కుదురుగా ఉండరు. సూర్యలంక వైపు పీతల్ని తినే తెల్లపిట్ట ఒకటి దిగిందని ఒకరు, తాడేపల్లి దగ్గర కృష్ణలో ఇసుకతిన్నె మీద కింది ముక్కు పొడుగ్గా ఉన్న పిట్టలు కనిపించాయని ఇంకొకరు, ఉప్పుమళ్లలో ఎవరూ పోల్చుకోలేని ఉల్లంకి ఒకటి తిరుగుతోందని మరొకరు. ఫోటో పెడతారు, వాదించుకుంటారు, తర్వాత అభినందించుకుంటారు. నేను అందులో ఆరేళ్లుగా ఉన్నాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి తెలిసినదాన్నన్న పేరుంది, ఆ పేరుకు తగ్గ పొగరూ ఉంది. ఈ ఆరేళ్లలో మా వైపు కనిపించిన పిట్టలన్నిట్లోకీ అరుదైనదాన్ని చూసింది మాత్రం నేను కాదు, బారెడు కెమెరాలు మోసుకు తిరిగేవాళ్లూ కాదు. మా అమ్మ చూసింది. ఈ మాట చెప్పుకోవడానికి సందు దొరికితే చాలు నాకు. దొరక్కపోయినా చెబుతాను.

మా అమ్మది అద్దంకి దగ్గర ఒక పల్లె. వ్యవసాయ కూలి. పత్తి తీస్తుంది, కలుపు తీస్తుంది, మిరపకాయలు కోస్తుంది. పిట్టల పిచ్చి నాకు ఆమె దగ్గర్నుంచే వచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పట్లో నేనే ఆమెకు నేర్పుతున్నానని అనుకునేదాన్ని. ఇంటికి వెళ్లినప్పుడల్లా బొమ్మల పుస్తకం తీసి, ఇది ఫలానా, అది ఫలానా అని చూపించేదాన్ని. ఒకసారి పుస్తకం చేతిలోకి తీసుకుని రెండు పేజీలు తిప్పి, విసుగ్గా తిరిగిచ్చేసింది.

"కాళ్లు గడ్డిలో పెట్టి బొమ్మేశాడు. కాళ్లు కనపడకుండా పిట్టనెట్టా గుర్తుపట్టేది?" అంది.

నేను నవ్వాను. ఆమె మాత్రం నవ్వులాటకు అనలేదు. మిరప మొక్క నడుమెత్తు పెరుగుతుంది. కిందికొమ్మల కాయలు కోయాలంటే నడుము పూర్తిగా వంచి, ఆకుల కింద తల పెట్టాలి. అక్కడ ఆకు ఉండదు, మొదళ్లే ఉంటాయి, వాటి సందుల్లోంచి పక్క చేను దాకా నేలమట్టాన కనిపిస్తుంది. అట్లా వంగిన మనిషికి రోజంతా కనిపించేవి కాళ్లే. మేస్త్రి చెప్పులు, పక్క వరస మనిషి పాదాలు, మేకల గిట్టలు, పిట్టల కాళ్లు. నలభై ఏళ్లుగా మా అమ్మ లోకాన్ని ఆ ఎత్తు నుంచి చూసింది. పిట్ట ఏదని అడిగితే నేను ముక్కు సంగతి, రెక్క సంగతి చెబుతాను. ఆమె కాళ్ల రంగు, నడిచే తీరు చెబుతుంది.

క్రిస్మస్ వెళ్లాక వారానికి అల్పపీడనం పట్టి, రెండు రోజులు వాన పడింది. వాన వెలిసిన తర్వాతి గురువారం సాయంత్రం నేను నల్లపాడులో ఇంట్లో కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. అమ్మ ఫోన్ చేసింది. ఆమె అన్నం తిన్నావా అని అడగకుండా మాట మొదలుపెట్టడం అదే మొదటిసారి.

"మేం కోసే చేను పక్కన పత్తి పీకేసిన మడి లేదూ, దాంట్లో తీతువులు తిరగతన్నాయి. వాటిల్లో ఒకటి వేరే. కాళ్లు నల్లగా ఉన్నాయి" అంది.

మా నేలల్లో తీతువు పిట్టలకు కొదవలేదు. కంటి ముందు ఎర్ర తోలు వేలాడేది ఒకటి, పసుపు తోలు వేలాడేది ఒకటి. రెంటికీ కాళ్లు పసుపే.

"బురద అంటి ఉంటదిలే అమ్మా. రేగడి కదా" అన్నాను, పేపర్ల మీంచి తల ఎత్తకుండానే.

"బురద కాదే."

"అమ్మా, నల్లరేగడిలో వానపడ్డాక ఏ పిట్ట కాళ్లయినా నల్లగానే ఉంటాయి. దూరం నుంచి చూసి ఉంటావు."

"సరేలే, పేపర్లు దిద్దుకో" అని పెట్టేసింది. నేను నిజంగానే దిద్దుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు మండుతుంది.

శనివారం ఇంటికి వెళితే ఆమె పిట్ట మాట ఎత్తలేదు. చేపల పులుసు పెట్టింది, పిల్లల చదువులు అడిగింది. నేనూ మర్చిపోయాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే, అమ్మతో కోతకు వెళ్లే ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా టీచరమ్మా, మీ అమ్మ పిట్టను చూశావా? మూడ్రోజుల్నించీ కాయలు కోసేది తక్కువ, దాన్ని చూసేది ఎక్కువ. మేస్త్రి కేకలేశాడు కూడా. మేం నవ్వితే ఏమందో తెలుసా? 'మా అమ్మాయి వచ్చిద్ది, వచ్చి అదేందో చెప్పిద్ది, అప్పుడు నవ్వండి' అంది. మరి చెప్పు, ఏందది?"

చుట్టూ ఉన్న ఐదారుగురు కోత ఆడవాళ్లు నా మొహంలోకి చూశారు. అమ్మ కొంచెం దూరంగా నిలబడి బైబిలు సంచిలో పెట్టుకుంటోంది. ఆమె నాకు ఫోన్ చేసింది కబురు చెప్పడానికి కాదని అప్పుడు అర్థమైంది. అందరి ముందూ నా పేరు మీద మాట ఇచ్చేసి, దాన్ని నిలబెట్టమని చేసింది. నేనేమో బురద అన్నాను. ఆమె ఆ మాట వాళ్లకు చెప్పలేదు. నన్ను కాపాడటానికే చెప్పలేదు. నాకు సిగ్గేసింది. పట్టుచీరతోనే చేలోకి నడిచాను. అమ్మ నా వెనక వచ్చింది.

గట్టు మీద నిలబడి, నా సంచిలో ఎప్పుడూ ఉండే బైనాక్యులర్స్‌తో చూశాను. పదిహేను తీతువులున్నాయి. వాటికి కాస్త ఎడంగా ఒకటి, బూడిద కలిసిన గోధుమరంగుది, నాలుగడుగులు పరిగెత్తి ఆగుతోంది, ముందుకు వాలి మట్టిలో పొడుస్తోంది. తల మీద ముదురు టోపీ, కనుబొమ్మల దగ్గర తెల్లటి గీత, ఆ గీతలు రెండూ మెడ వెనక్కు పోయి కలుసుకున్నాయి. కంటి ముందు ఏ తోలూ లేదు. పుస్తకంలో ఎన్నోసార్లు తిప్పేసిన పేజీ అది, ఇక్కడ ఎప్పుడూ కనపడదులే అని. ఎక్కడో కజకిస్తాన్ గడ్డిబీళ్లలో గుడ్లు పెట్టి, చలికాలానికి గుజరాత్, రాజస్థాన్ వైపు దిగే సోషబుల్ లాప్‌వింగ్, తీతువుల్లోనే ఒక జాతి. ప్రపంచంలోనే చాలా తక్కువ మిగిలిన పిట్ట. దారి తప్పి మా మిరప చేల మధ్యకు వచ్చింది.

"అమ్మా," అన్నాను బైనాక్యులర్స్ దించకుండానే.

"కాళ్లు చూశావా?" అంది.

కాళ్లు చూడలేకపోయాను. మధ్యలో మట్టిగడ్డలు అడ్డం ఉన్నాయి. ఫోను బైనాక్యులర్‌కు ఆనించి తీసిన నాలుగు ఫోటోల్లోనూ కాళ్లు లేవు. కాళ్లు నల్లగా ఉన్నాయని అమ్మ చూసిన సంగతి రాసి, అవే గ్రూపులో పెట్టాను. మా ప్రాంతంలో అరుదైన పిట్టల నమోదులు పరిశీలించే పెద్దాయన ఒకరున్నారు. ఒప్పుకోవడానికి తొందరపడని మనిషి. గంటకల్లా జవాబు ఇచ్చారు. తల స్పష్టంగా లేదు, పసుపు తోలు తీతువు అయ్యే అవకాశం ఉంది, కాళ్లు నల్లగా కనిపించాయంటున్నారు గానీ రేగడి నేలల్లో బురద వల్ల ఈ పొరపాటు మామూలే, అని రాశారు. మర్యాదగానే రాశారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది, ఎందుకంటే అవి అక్షరం పొల్లుపోకుండా నా మాటలే.

అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు కోపం రాలేదు. తెలియనివాళ్లకు వంట చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"రేగడి బురద తడిగా ఉన్నంతసేపే నలుపు. పదింటికి ఎండెక్కేసరికి బూడిద రంగుకొచ్చిద్ది. ఇంకాసేపటికి పెచ్చులూడిపోద్ది. మేం మధ్యాన్నం అన్నం తినేటప్పుడు కూడా దాని కాళ్లు నల్లగా నిగనిగలాడతన్నాయి. అది బురదెట్టా అయిద్ది?"

ఇంత చదువుకున్న నాకు ఈ ఆలోచన రాలేదు. ఆమె అన్నది అన్నట్టే టైపు చేసి పంపాను. ఈసారి జవాబు రావడానికి ఆలస్యమైంది. "రేపు పొద్దున్నే వస్తున్నాం. చూపించమనండి" అని వచ్చింది.

సోమవారం సెలవు పెట్టాను. పెద్దాయన, ఇంకో ఇద్దరు కారులో దిగారు. టోపీలు, జేబుల చొక్కాలు, మూడు కాళ్ల స్టాండు మీద టెలిస్కోపు. గట్టు మీద అదంతా సర్దుకుంటుంటే కోత ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. మేస్త్రి కూడా ఆ రోజు కేకలు వేయలేదు. పిట్ట ఉంది గానీ, మళ్లీ ఆ గడ్డల వెనకే. నిలబడిన వాళ్లెవరికీ కాళ్లు కనపడలేదు.

అమ్మ వరసలోంచి వచ్చింది. ముందురోజు చేనుకు పెట్టిన నీళ్లు పక్క మడిలోకీ పారాయి, ఆమె పాదాలు మోకాళ్ల కింద దాకా నల్లటి బురద.

"అక్కడ్నుంచి కనపడదు బాబూ. ఇట్టా రండి. వంగండి" అంది.

పెద్దాయన ఆమె వైపు, మిరప మొక్కల వైపు చూశారు.

"నాకు మోకాళ్ల నొప్పులమ్మా" అన్నారు.

"నాకూ ఉన్నాయిలే. వంగండి" అంది అమ్మ.

వంగారు. ముగ్గురూ టోపీలు తీసి, ఆకుల కింద తలలు పెట్టి, మొదళ్ల సందుల్లోంచి చూశారు. నేను వాళ్ల వెనక వంగాను. పసుపు కాళ్లు, పసుపు కాళ్లు, పసుపు కాళ్లు, వాటి మధ్య ఒక జత నల్ల కాళ్లు.

"నల్లగానే ఉన్నాయి," అన్నారు పెద్దాయన. "కానీ ఇప్పుడు అంతా తడే కదమ్మా. మీరన్నట్టే ఎండెక్కితే గానీ చెప్పలేం."

"నేనూ అదే అంటన్నా. ఉండండి" అని ఆమె తన వరసలోకి వెళ్లి కాయలు కోసుకుంది. వాళ్లు గట్టు మీద కూర్చుని ఆమె పంపిన నీళ్లు తాగారు. నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఈలోపు పిట్ట ఎగిరిపోతే అమ్మ మాట ఎటూ తేలకుండా పోతుంది. అమ్మ ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు. అంత ధీమా నాకు ఏ పరీక్ష ముందూ లేదు.

పదిన్నర దాటాక తనే వచ్చి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, పాదాలు ముందుకు పెట్టి వాళ్ల ముందు నిలబడింది. పొద్దున నల్లగా ఉన్న బురద బూడిదరంగుకు వచ్చి, పగుళ్లు తీసి, చీలమండల దగ్గర పెచ్చులుగా రాలుతోంది.

"నా కాళ్లు చూడండి," అంది. "ఇప్పుడెళ్లి దాని కాళ్లు చూడండి."

మళ్లీ వంగారు. మామూలు తీతువుల పసుపు కాళ్ల మీద అక్కడక్కడా బూడిదరంగు పొరలు అంటుకుని ఉన్నాయి. వాటి పక్కన నడుస్తున్న దాని కాళ్లు పై నుంచి కింది దాకా నిఖార్సయిన నలుపు. ఇంతలో కుక్క ఒకటి అటు వస్తే గుంపంతా లేచింది. ఆ పిట్ట రెక్కల వెనక సగం తెల్లగా విచ్చుకుంది. ముగ్గురి నోటా ఒకేసారి ఏదో శబ్దం వచ్చింది.

పెద్దాయన లేచి నిలబడటానికి కొంచెంసేపు పట్టింది. మోకాళ్ల మట్టి దులుపుకోకుండానే అమ్మకు రెండు చేతులూ జోడించారు.

"అమ్మగారూ, మీ పాదాలు ఫోటో తీసుకోనిస్తారా? బురద ఎండితే ఎట్లా ఉంటుందో రికార్డులో దాని కాళ్ల పక్కన పెడతాను" అన్నారు.

"మొహం రాకుండా తీయండి. తల దువ్వుకోలా" అంది అమ్మ.

కోత ఆడవాళ్లు నవ్వారు. మూడ్రోజులుగా నవ్విన నవ్వు కాదది. చర్చి దగ్గర నా చెయ్యి పట్టుకున్నావిడ అయితే, తామంతా కలిసే ఆ పిట్టను కనిపెట్టినట్టు వచ్చేపోయే వాళ్లకు వారం పాటు చెప్పింది. పిట్ట పది రోజులుంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వచ్చినవాళ్లందర్నీ మా అమ్మ వంగబెట్టింది. నా ఉద్యోగం వచ్చిన రోజున కూడా నేను అంత తలెత్తుకుని తిరగలేదు.

ఆ సోమవారం సాయంత్రం మంచం మీద ఆమె పక్కన కూర్చుని, పెద్దాయన రికార్డు కోసం ఫోన్లో పిట్ట వివరాలు నింపాను. మొదట చూసినవారు అన్నచోట ఆమె పేరు రాశాను. ఆమె ఫోను దగ్గరగా పట్టుకుని, బైబిలు చదివినట్టే వేలు పెట్టి తన పేరు కూడబలుక్కుని చదివింది.

"నువ్వు నమ్మలేదని రాశావా?" అంది.

"అదెందుకమ్మా? దాంతో పిట్టకేం పని?"

"రాయి. రేపు ఇంకెవరన్నా కూలామె ఏదో చూశానంటది. బురద అనేముందు ఆ సారు వాళ్లు కాసేపు ఆగుతారు."

ఆమె నా వైపు చూడలేదు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఆ నాలుగు రోజులూ ఆమె ఎంత మింగుకుందో నాకు అప్పుడు తెలిసింది. ఫోను తీసుకుని, అన్ని వివరాలకంటే పైన, మొదటి వాక్యంగా రాశాను.

"ఈ పిట్టను చూసింది మా అమ్మ. బురద అన్నది నేను."