ఊక కింది మంచు

మొన్న మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనమయ్యాక ఫంక్షన్ హాలు వెనక చేతులు కడుక్కుంటుంటే, ట్రాలీ ఆటోలోంచి ఇద్దరు మనుషులు మంచుదిమ్మను దించారు. గోనెపట్టా విప్పి, ఊక దులిపి, సిమెంటు నేల మీద దొర్లించారు. ధాన్యం మిల్లుల ఊరు కాబట్టి మా దగ్గర ఊకకు కొదవ లేదు. ఇటుకబట్టీకి అదే, మంచుకూ అదే. దిమ్మకు ఒక పక్క కరిగి మళ్లీ గడ్డకట్టిన చోట ఊకపొట్టు లోపలే చిక్కుకుని కనిపించింది. సుత్తి మొదటి దెబ్బ పడగానే అక్కడ నిలబడలేక ఇవతలికి వచ్చేశాను. పెళ్లివాళ్లు నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని, ఆ మంచే వేసిన నిమ్మరసం గ్లాసుతో పరుగెత్తుకొచ్చారు. తాగాను. పెళ్లివారి మర్యాద కాదనలేం కదా.

మా పెద్దక్క నేరేడుచర్లలో, షేర్ ఆటోలు ఆగే చోట సోడాల దుకాణం నడిపేది. ఆమెకు పొద్దున్నే మంచుదిమ్మ వచ్చేది. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, పైన జానెడు మందాన ఊక కప్పి, సాయంత్రం దాకా కాపాడేది. దుకాణం పెట్టకముందు ఆమెది వంటవాడి సంసారం. మా బావది కోదాడ. ఆయన మాటలో అవతలి జిల్లాల గాలి కాస్త తగిలేది, అందుకని నాన్న ఆయన్ను ఆంధ్రా అల్లుడని ఆట పట్టించేవాడు. మా సత్సంగం వాళ్లు ఏటా వేసవిలో సూర్యాపేట నుంచి ఉత్తరాది యాత్రకు బస్సు మాట్లాడుకునేవారు. బస్సు నెత్తిన బియ్యం బస్తాలు, చింతపండు, ఆవకాయ జాడీలు, వాటన్నిటికీ అధిపతిగా మా బావ. కాశీలో స్వామిని చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే, సాయంత్రం విస్తట్లో పచ్చిపులుసు లేకపోతే మళ్లీ పెట్టుకునేవారు. ఆయన ఎక్కడైనా, ఏ చలిలోనైనా, తెల్లవారేసరికి పెసరట్టు వేసిపెట్టేవాడు. భక్తులకు దేవుడి మీద ఎంత నమ్మకమో ఆ పెసరట్టు మీదా అంతే నమ్మకం.

గంగోత్రి చేరాక నడవలేని పెద్దవాళ్లు అక్కడే ఉండిపోయేవారు. వాళ్ల కోసం బావ ఏటా గోముఖం దాకా నడిచివెళ్లి, గంగ పుట్టేచోటి నీళ్లు డబ్బాల్లో తెచ్చేవాడు. ఆ ఏడు ఇద్దరు భక్తులు గోముఖం దాటి, మంచు మీదుగా అవతలి మైదానానికి వెళ్లాలనుకున్నారు. దారి తెలిసిన ఒక సాధువు ముందు నడిచాడు. బావ వాళ్ల వెంట వెళ్లాడు. కొత్తగా పడిన మంచు ఒక పగులును మూసి ఉంది. ముగ్గురూ దాటారు, నాలుగోవాడిగా బావ కాలు పెట్టినప్పుడు అది కూలింది. వాళ్ల దగ్గరున్న తాడు అందలేదు. కాసేపు లోపలి నుంచి ఆయన గొంతు వినిపించిందట. అర్థమైన చివరి మాట ఇదీ అని, తిరిగొచ్చిన భక్తుడు మా వాకిట్లో నిలబడి చెప్పాడు.

"రేపటికి పెసలు నానబెట్టమని చెప్పండి, మరిచిపోతారు."

తర్వాత ఏమీ వినిపించలేదు. మర్నాడు సహాయానికి వచ్చినవాళ్లు ఎంత లోతుకు దిగినా అడుగున నీళ్ల మోత తప్ప ఏమీ దొరకలేదు. ఆ రాత్రి పెసలు ఎవరూ నానబెట్టలేదు.

శరీరం దొరకనివాళ్లకు శాస్త్రంలో ఒక దారి ఉంది. మోదుగాకుల ఈనెలతో, దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికే దహనం చేసి, ఆపైన పిండాలు పెడతారు. నాన్న మా సత్సంగానికి పెద్ద. అల్లుడు పోయిన దుఃఖంలోనే మోదుగాకులు తెప్పించి, పురోహితుణ్ణి పిలిపించాడు. అక్క గడప దాటి బయటికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.

"యాడ పోయిండో తెల్వనోళ్లకు ఆకులు కాలుస్తరు నాయినా. ఆయన యాడున్నడో నాకు ఎర్కే. మనిషి ఉండంగ ఆకులనెట్ల కాలుస్త?"

ఆకులు వాకిట్లోనే ఎండిపోయాయి. ఆమె నుదుటి బొట్టు అలాగే ఉంది.

నేను సర్కారు బడిలో సోషల్ చెప్పేవాణ్ణి. ఒకరోజు అక్క దుకాణంలో సోడా చేతికిచ్చి, ఆ మంచు ఉన్నచోటే ఉంటుందా, కదులుతుందా అని అడిగింది. ఎదురుగా మిల్లు గోదాము తలుపులు తెరిచి ఉన్నాయి. బస్తాల వరుసలు చూపించి చెప్పాను. మంచు మీద మంచు పడుతుంది, వేసవిలో కూడా పూర్తిగా కరగదు, ఏళ్లకేళ్లు పేరుకుంటుంది. అడుగు బస్తా పై బరువుకు అణిగి గట్టిపడినట్టే, అడుగు మంచులోని గాలి బయటికి పోయి రాయిలాంటి గడ్డ అవుతుంది. ఇంకా బరువెక్కితే అది తన బరువుకు తానే లోయలోకి జారడం మొదలుపెడుతుంది. లోపలి భాగం పిసికిన పిండిలా సాగుతుంది. పైభాగం పెళుసు కాబట్టి పగుళ్లిస్తుంది. దాన్ని హిమానీనదం అంటారు, అదొక నది, కాకపోతే కంటికి కదిలినట్టు కనిపించదు అన్నాను. పిల్లలకు అది నాలుగు మార్కుల ప్రశ్న. అక్క ఊకను మంచు మీదికి సర్దుతూ విని, "అయితే ఆయన వస్తున్నడన్నట్టే" అంది.

అలా ఏళ్లు గడిచాయి. ఆమె వితంతువూ కాదు, ముత్తైదువా కాదు. పెళ్లిపిలుపులకు వచ్చిన ఆడవాళ్లు, ఆమె దుకాణం ముందుకొచ్చేసరికి భరిణెలో కుంకుమను వేలితో కలియబెడుతూ ఉండిపోయేవారు, అందులో ఏదో పారేసుకున్నట్టు. వాళ్లను ఆ ఇబ్బందిలో పెట్టకుండా అక్కే లోపలికెళ్లి సోడా తెచ్చేది. క్రమంగా ఆమె శుభకార్యాలకు వెళ్లడం మానేసింది. నాన్నకు మాత్రం ఆమె బొట్టు గురించి చింత లేదు. ఆయన దిగులు బావ ఆకలి గురించి. పెత్తరమాస వచ్చిన ప్రతిసారీ అందరి పేర్లూ చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలేవాడు, అల్లుడి పేరు దగ్గర ఆగిపోయేవాడు. ఒక ఏడు అక్క చేయి పట్టుకుని అన్నాడు.

"వేలమందికి వండి పెట్టినోడు బిడ్డా. ఆయనకే ముద్ద లేకుంట ఇంకెన్నేండ్లు ఉంచుతవ్?"

నాన్న ఆ దిగులుతోనే పోయాడు. ముద్ద అందని ప్రాణం ఆకలితో తిరుగుతుందని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కాబట్టి ఆ రోజుల్లో నాకు అక్క మీద జాలి ఎంతో కోపమూ అంతే.

నాన్న సంవత్సరీకం అయ్యాక అక్క తనే యాత్ర మాటెత్తింది. ఇద్దరం బస్సెక్కాం. వంటవాడు కొత్తవాడు, పెసరట్టు మాట వాడికి తెలియదు. గంగోత్రి నుంచి ఆమె కంచరగాడిద మీద, నేను నడిచి, రాత్రికి మధ్య మజిలీ భోజ్‌బాసా చేరి, పొద్దున్నే ఒక కొండ మనిషిని తోడు తీసుకుని గోముఖం వెళ్లాం. సత్సంగంలో ఎన్నోసార్లు వర్ణించిన చోటు అది. తెల్లని ఆవు ముఖం కనిపిస్తుందనే నేను చెప్పేవాణ్ణి. కనిపించింది మురికి గోడ. మిల్లు వెనక పోసిన ఊకబూడిద గుట్టలా, ఒళ్లంతా రాళ్లూ మట్టీ. కింద నల్లటి నోరు, ఆ నోట్లోంచి కడుగునీళ్లలాంటి ప్రవాహం. ఉండుండి పైనుంచి ఒక ముక్క విరిగి పడేది, ఆ చప్పుడు లోయంతా తిరిగేది. లోయ రెండు గోడలూ ఎవరో గీకి వెడల్పు చేసినట్టున్నాయి. దారి పక్కన బండల మీద ఒకే వైపుకు గీతలు. అవి మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లు ఆకురాయిలా గీసిన గీతలని, దారిపొడవునా మేం ఎక్కి దిగిన రాళ్లగుట్టలు మంచు మోసుకొచ్చి దింపినవేనని ఆ కొండ మనిషి హిందీలో చెప్పాడు. అతని చిన్నప్పుడు ఈ నోరు చాలా దిగువన ఉండేదట. ఏటేటా వెనక్కి పోతోందట.

అక్క ఆ గుట్టను చాలాసేపు చూసి, "రాళ్లే దీనికి ఊక" అంది. తర్వాత నావైపు తిరిగింది. "ముందుకొస్తదంటివి. ఈయనేమో ఎన్కకు పోతున్నదంటున్నడు."

మిల్లు బెల్టు మీద వడ్లు ఎప్పుడూ ముందుకే వస్తాయి, కొసన ఎత్తేవాళ్లు ఎక్కువైతే కుప్ప అంచు వెనక్కి జరుగుతుంది, ఇదీ అంతేనని చెప్పాను. మంచు ముందుకే వస్తోంది, వచ్చేదానికంటే కరిగేది ఎక్కువ. అక్క ముఖంలో వెలుగు చూశాను. ఆయన ఎప్పటికి వస్తాడో అడగమంది. అడిగాను. అతను బోడిగా ఉన్న కొండ వైపు చూస్తూ, రేపు రావచ్చు, మన మనవళ్ల కాలంలో రావచ్చు అన్నాడు. గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అన్నాడు. పగులు అడుగుదాకా పోయినవాటిని మంచు బండల మధ్య నూరుతుందట. ఈ నీళ్లలో ఉన్న బూడిదరంగు, నూరిన రాయేనట.

ఆ మాట నేను అక్కకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. నీళ్ల దగ్గరికి దిగి, దోసిలి పట్టి, కదలకుండా కూర్చుంది. నీళ్లు కాస్త తేరుకున్నాక అరచేతుల్లో సన్నటి పిండి మిగిలింది. దాన్ని బొటనవేలితో రాసి చూసింది. కడుక్కోలేదు. కొంగులో తుడుచుకుని లేచింది. తిరుగు దారిలో, తర్వాత ఇంట్లో, ఆయన వస్తాడన్న మాట మళ్లీ ఆమె నోట వినలేదు. బొట్టు మాత్రం తీయలేదు.

రెండేళ్ల కింద చలికాలంలో సూర్యాపేట దవాఖానలో అక్క పోయింది. పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచింది.

"తమ్ముడా, నన్ను వాడపల్లిల కలపకు. కృష్ణల కలిపితే నేను ముందుగాల పోత, ఆయన ఎన్కనే ఉంటడు. ఆ మంచుల ఏయి."

అస్థికలు పారే నీళ్లలోనే కలపాలక్కా, శాస్త్రం ఒప్పుకోదని అన్నాను.

"అది పారుతలేదా మరి? నది అని నువ్వే చెప్తివి గదా."

ఆమెను సాగనంపేటప్పుడు బొట్టు పెట్టాలా వద్దా అని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, నా భార్య ఎవరినీ అడగకుండా భరిణె తీసి నుదుటి నిండా పెట్టింది. అస్థికల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. నాన్న తర్వాత సత్సంగంలో ఆయన పీట మీద కూర్చుని పురాణం చదివేది నేనే. ఆ పీట మీద కూర్చునే వాళ్లకు చెప్పాను, ఆ మంచు కూడా పారే నీరే, గంగలో అన్నిటికంటే నిదానమైన గంగ అని. ముందు వరుసలోని ఒక పెద్దాయన చేతికర్ర నేలకు ఆనించి, "గడ్డకట్టినదాన్ని పారేదంటవేంది సారూ, మీ నాయిన గిట్లనే చెప్పేటోడా?" అన్నాడు. పిల్లలకు చెప్పే పాఠమంతా ఆయనకు చెప్పాను. కొందరు తలూపారు. ఆయన ఊపలేదు. ఆ తర్వాత నా చదువుకు రావడం మానేశాడు. ఆయనది తప్పని నేను అనను. రాత్రిళ్లు నాకూ నిద్ర పట్టేది కాదు, శాస్త్రానికి నేను అర్థం చెబుతున్నానా, అక్క కోసం దాన్ని వంచుతున్నానా అని. భగవంతుణ్ణే అడిగాను. వేసవి వచ్చింది.

భోజ్‌బాసా గుడారంలో రాత్రి ఒక గిన్నెలో గుప్పెడు పెసలు నానబోశాను. ఆ చలికి అవి సరిగా నానలేదు, పొద్దునకు సగం గట్టిగానే ఉన్నాయి. ఆ కొండ మనిషే నన్ను నడుముకు తాడు కట్టి మంచు మీదికి తీసుకెళ్లాడు. బావ పడిన పగులు అక్కడ లేదు, అది ఎప్పుడో మూసుకుపోయింది. మరొకదాని దగ్గర ఆపాడు. బోర్లా పడుకుని తొంగిచూశాను. పైన తెలుపు, లోపల నీలం, ఇంకా లోపల ఏమీ లేదు. అడుగున నీళ్ల మోత. మంత్రం చెప్పి కుండ వంచాను. బూడిద వెంటనే లోపలికి పోలేదు, గాలికి కాస్త పైకి లేచి, నా ముఖాన పడి, తర్వాత దిగింది. బావ పేరూ గోత్రమూ పలికి, వెనకే పెసలు వదిలాను. అవి గోడలకు తగులుతూ పోయిన చప్పుడు కాసేపు వినిపించింది.

అది శ్రాద్ధం కాదు. నాన్న ఉంటే ఒప్పుకునేవాడో కాదో తెలియదు. వాడపల్లిలో కలిపి ఉంటే అక్క కొద్దిరోజుల్లోనే సముద్రంలో ఉండేది. ఇప్పుడు ఆయన నడకకు తన నడక సరిపెట్టుకుని దిగుతోంది. నేను బతికినంత కాలంలో వాళ్లిద్దరూ దిగే దూరం, అక్క దుకాణం నుంచి ఊరి చివరకు నేను నడిచే దూరమంత ఉంటుందేమో. అది నడవడానికి నాకు ఒక సోడా తాగినంత సేపు చాలు.