చెరువు నీళ్లు రుచి చూసే మాస్టారు

మాస్టారు పోయారని పొద్దున్నే కొట్టు తలుపులు తీస్తుంటే తెలిసింది. పాలు పోసే ఆవిడ గిన్నె కింద పెట్టి, "మన జాగ్రఫీ మాస్టారు లేరండి. నిద్రలోనే పోయారంట" అంది. తీసిన తలుపులు మళ్లీ వేసేశాను. మాస్టారొచ్చే వేళకి కొట్టు మూసి ఉంటే ఏమనుకుంటారో అని కూడా ఒక క్షణం అనిపించింది. మనసుకి అంత తొందరగా ఎక్కదు కదా.

భీమవరం దగ్గర మా ఊళ్లో, కొత్త కాలనీ మొదట్లో మాది కిరాణా కొట్టు. రోడ్డుకి అవతల మంచినీళ్ల చెరువు. తొంభైల చివర, తుపానులో ఇళ్లు పోయినవాళ్లకి ఈ కాలనీ కట్టాలనుకున్నప్పుడు, అప్పుడే కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరైన మాస్టారు దాని ప్లాను నేనేస్తానని అడిగి మరీ తీసుకున్నారు.

"ఊరంటే ఇళ్లున్నంత మేరే కాదమ్మా. మనం తిన్నది ఎక్కడ పండిందో ఆ నేల కూడా మన ఊరే" అనేవారు. తిండికి, వంటచెరకుకి, కట్టే గుడ్డకి, మనం వదిలే పొగ పీల్చుకునే చెట్లకి ఎంత నేల పడుతుందో అంతా కలిపితే అది ఊరి పాదముద్ర అట. అది మనకున్న నేలని దాటకుండా ఊరు కట్టుకోవాలట. ఆ లెక్క కోసం మా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని నా ప్రాణం తీసేవారు.

"ఈ కందిపప్పు ఎక్కడిదమ్మా?"

"తాడేపల్లిగూడెం షావుకారు పంపిస్తారండి."

"ఆయనకెక్కడి నుంచి?"

"నాకేం తెలుసండి, వెళ్లి ఆయన్నే అడగండి."

విసుగ్గా అన్నాను గానీ, ఆయన నిజంగానే బస్సెక్కి వెళ్లి అడిగొచ్చారు.

ఇంటింటికీ పెరట్లో కూరపాదులు, వాడిన నీళ్లు పారే చోట అరటి, వీధికి నీడ. ఈ కాలనీలో చల్లగా ఉన్నదంతా ఆ ప్లానులోదే. ఒక్కచోట పొరపాటు పడ్డారు. రొయ్యల చెరువుల్ని ఊరికి తిండి పెట్టే నేల కింద జమ వేసుకున్నారు. లెక్క చక్కగా కుదిరింది. ఆయన ప్లానే చూపించి రైతులు మంచినీళ్ల చెరువు గట్టు దాకా రొయ్యల చెరువులు తవ్వేశారు. ఆ రొయ్యలు మేం తినేవి కావు, ఓడెక్కి పోయేవి. వాటి మేత ఎక్కడి సముద్రంలోంచో వచ్చేది. మాకు మిగిలింది రొయ్యల కోసం పెట్టిన నీళ్లలోని ఉప్పు. అది మెల్లగా తాగే నీళ్లలోకి దిగింది.

మాస్టారు పంచాయతీ మీటింగులో లేచి నిలబడి, "తప్పు నాదండి" అన్నారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇప్పుడనుకుని ఏం లాభంలెండి మాస్టారూ" అని టీ తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాత రొయ్యల రైతులు ఆయన ఎదురొస్తే దారి మార్చుకునేవారు. భార్య అంతకుముందే పోయారు. మాట్లాడటానికి మా కొట్టు బల్ల మిగిలింది.

రోజూ పొద్దున్నే రేవు మెట్లు దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని పుక్కిలించి ఊసేవారు. రోడ్డు దాటి వచ్చి, "ఉప్పేనమ్మా" అని కూర్చునేవారు. టీ ఇచ్చేదాన్ని.

"రోజూ ఏం చూస్తారండి, తెల్లారేసరికి తియ్యనైపోతాయా?" అన్నాను ఒకసారి.

"అయిన రోజున ఎవరో ఒకరు చూడాలి కదమ్మా."

గట్టు పక్క రైతుల అరుగుల మీద కూడా అలాగే కూర్చునేవారు, వాళ్లు పలకరించినా, పలకరించకపోయినా. కొంత రొయ్యకి తెగులొచ్చి, కొంత మాస్టారి పోరు పడలేక, చివరికి వాళ్లు రొయ్యలు మానేశారు. కాలవ నీళ్లు పెట్టి మళ్లీ వరి ఊడ్చారు. "వానలు పడి ఉప్పు కడుక్కుపోవాలి. టైం పడుతుంది" అన్నారు మాస్టారు. ఈ వానాకాలం రాకుండానే పోయారు.

ఆయన పెద్దకర్మ కూడా అయిపోయింది. కొట్టుకి జనం వస్తూనే ఉన్నారు, కావలసినవి తీసుకుని వెళుతూనే ఉన్నారు. పప్పు ఎక్కడిదని ఎవరూ అడగరు. ఇంత ఒంటరిగా ఉంటుందని నేననుకోలేదు.

వారం పట్టిన ముసురు ఈ పొద్దున తెరిపిచ్చింది. ఎందుకో రేవు మెట్లు దిగాను. దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పు తగల్లేదు. నమ్మకం లేక ఇంకో దోసెడు తాగాను. తియ్యగా ఉన్నాయి.

చెప్పాలని గబగబా మెట్లెక్కి రోడ్డు దాటాను. బల్ల మీద, ఆయన కూర్చునే చోట, వాన నీళ్లు నిలిచి ఉన్నాయి.