రెట్టింపు వేగం

పద్మశ్రీ నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఉప్పల్‌లో అద్దె గదిలో ఒక్కతే ఉంటుంది. మధ్యలో ఆగిపోయిన ఇంటర్‌ను ఇప్పుడు ఫోన్‌లో, ఆన్‌లైన్ క్లాసులతో చదువుతోంది. షిఫ్టు దిగి వచ్చేసరికి లెక్కల పాఠాలు, ఫిజిక్స్ పాఠాలు పేరుకుపోయి ఉండేవి. అందుకని వీడియోను రెట్టింపు వేగంలో పెట్టి, వంట చేస్తూ వినేది. ఫిజిక్స్ సారు ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పుకుపోయేవాడు.

పక్క గదిలో ఉండే దుర్గమ్మ సాయంత్రాలు తలుపు కొట్టేది.

"జరసేపు బయట కూసుందాం రా, బిడ్డా."

"పాఠాలున్నయి పెద్దమ్మా. ఊకె పిలువకు," అని విసుక్కునేది పద్మశ్రీ.

కొన్నాళ్లకు దుర్గమ్మ పిలవడం మానేసింది.

ఈ ఆదివారం మధ్యాహ్నానికి పాఠాలన్నీ అయిపోయాయి. పద్మశ్రీ తలుపు తీసింది. మెట్ల మీద నలుగురు ఆడవాళ్లతో నవ్వుతున్న దుర్గమ్మ ఆమెను చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు సదువుకో బిడ్డా. మేం లొల్లి జెయ్యంలే," అని అందరినీ లేపి కిందికి తీసుకుపోయింది.

పద్మశ్రీ లోపలికొచ్చి, ఎప్పుడో విన్న ఫిజిక్స్ పాఠం మళ్లీ పెట్టింది, ఈసారి మామూలు వేగంలో. సారు నింపాదిగా చెప్పాడు, మధ్యలో దగ్గాడు, చివర "అర్థమైందా అమ్మా?" అని అడిగి కాసేపు ఎదురుచూశాడు. ఆయన అలా ఆగుతాడని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

"అయింది సార్," అంది.

సారు తలూపి బోర్డు వైపు తిరిగాడు. పద్మశ్రీ వీడియోను మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికి వెనక్కి జరిపింది.